మీది ఏ ఊరు?



దిల్‌సుఖ్‌నగరులో గాని, ఆ దారినే మరి రెండు మైళ్లకు పైగా పోయిన పిమ్మట వచ్చు ఎల్.బి. నగరులో గాని, క్రొత్తగా కలిసికొన్న యిద్దరు మనుష్యులు మొట్టమొదట వేసికొను ప్రశ్న యొకటి కలదు. “మీది ఏ ఊరు?” ఇల్లు అద్దెకిచ్చు నింటావిడ అడుగును. విద్యార్థుల వసతిగృహములో ప్రక్కమంచము కుర్రవాడు అడుగును. బస్సుకొరకు నిలుచున్న పెద్దమనిషి అడుగును. ఈ పేటలలో ఆ ప్రశ్నకు “ఈ ఊరే” యని జవాబు చెప్పగలవారు తక్కువ. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గము వీని నడుమనే సాగుచున్నది. ఆ మార్గమున నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతములవారు వచ్చిరి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలవారును వచ్చిరి. పాలమూరువారు మరియొక త్రోవను వచ్చి వీరితో కలిసిరి. పెట్టె, పరుపుచుట్ట పట్టుకొని వచ్చినవారిలో అనేకులకు నగరమనగా ముందు కనబడినది యిదియే.

పదిమార్లలో తొమ్మిదిమార్లు ఈ ప్రశ్న చుట్టరికము కలుపుకొనుటకే వేయుదురు. “మీది కోదాడా? మా మేనత్తగారిది ఆ ప్రక్కనే” యని మాట సాగును. కాని కొన్ని సంవత్సరములలో అదే ప్రశ్న, అవే మాటలతో, లెక్క చెప్పుమని నిలదీసినట్లు వినబడును. 1969లో అట్లు వినబడినది. 1972లోను, 2009 తరువాతను మరల వినబడినది. మాట మారలేదు, దాని పదును మారినది. ఆ పదును ఎవరు పెట్టుదురు, దేనితో పెట్టుదురు? నేటి ప్రసంగములో దీనినిగూర్చి నాకు తెలిసినంత మనవి చేసెదను.

ముందుగా నా సంగతి చెప్పుకొనుట న్యాయము. నా తండ్రిగారు కృష్ణా జిల్లావారు. తల్లిగారు సూర్యాపేట ప్రాంతమువారు. నేను పుట్టి పెరిగినది కొత్తపేటలో. మా యింట ఆకుకూర యొకటే, పేర్లు రెండు: నాన్నగారికి గోంగూర, అమ్మకు పుంటికూర. జ్వరము వచ్చినప్పుడు నాన్నగారు ఆసుపత్రికి పోయెడివారు, అమ్మ దవాఖానకు పోయెడిది. మందిచ్చు వైద్యుడు ఒక్కడే. సంక్రాంతికి అరిసెలును సకినాలును ఒకే పొయ్యిమీద వేగెడివి. ఈ భేదములు మాకు వేళాకోళమునకు పనికివచ్చినవి గాని వైరమునకు పనికిరాలేదు. కనుక మాటతీరును తిండితీరును తమంతట తామే మనుష్యులను విడదీయునని యెవరైన చెప్పినప్పుడు నేను వెంటనే నమ్మజాలను.

“ఆంధ్ర” అను మాటనే చూడుడు. నేడు హైదరాబాదులో “ఆంధ్రవారు” అన్నచో కోస్తా, రాయలసీమ జిల్లాలనుండి వచ్చినవారని యర్థము. నూరేండ్లక్రిందట అట్లు లేదు. 1901లో హైదరాబాదులో తెలుగువారు నెలకొల్పుకొన్న గ్రంథాలయమునకు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమని పేరు పెట్టుకొనిరి. 1921లో ఈ నగరమున జరిగిన యొక సంఘసంస్కార సభలో తెలుగున మాటలాడబోయిన వక్తను కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. 1930లో మెదకు ప్రాంతపు జోగిపేటలో ప్రథమాంధ్రమహాసభ జరిగినది. దానికి అధ్యక్షులైన సురవరము ప్రతాపరెడ్డిగారు పాలమూరు సీమవారు. వారే 1949లో ప్రకటించిన గ్రంథమునకు “ఆంధ్రుల సాంఘిక చరిత్రము” అని పేరు. ఈ పేరు పెట్టుకొన్నవా రెవరు? తెలంగాణములోని తెలుగువారే. నాడు సంస్థానములో కచేరి భాష ఉర్దూ. దాని యెదుట “మేమును ఉన్నాము” అని చెప్పుకొనుటకు “ఆంధ్ర” అను పేరు పనికివచ్చినది. 1956 తరువాత కచేరిలో పోటీపడవలసివచ్చినది మరియొక తెలుగువానితో. అప్పుడు ఆ పేరు తన కుపయోగింపలేదు. పోటీవానిని గుర్తుపట్టుట కుపయోగించినది. నలుబది యేండ్లు తిరుగకుండ ఒక మాట సొంత పేరునుండి పరుల పేరయ్యెను. తెలుగుభాష మారలేదు, ఉద్యోగపు బల్ల కెదుట కూర్చున్నవాడు మారెను.

“పైవాడు” అను తలంపు ఈ నేలకు క్రొత్తది కాదు. బహమనీల కాలమున దక్కనీలనియు ఆఫాకీలనియు రెండు పక్షములుండెను. దక్కనీలు ఇక్కడ స్థిరపడినవారు. ఆఫాకీలు ఇరాను మొదలైన దేశములనుండి వచ్చినవారు. రాజుకొలువులోని పదవులే వారి తగవునకు మూలము. 1481లో మహమ్మదు గవాను తల పోయినది ఆ తగవులోనే. పందొమ్మిదవ శతాబ్దిలో మొదటి సాలారుజంగు పరిపాలనను చక్కదిద్దుటకు ఉత్తరహిందూస్థానమునుండి చదువుకొన్న యుద్యోగులను రప్పించెను. వారిని చూచి ఇక్కడి కులీనులు తమ్ము “ముల్కీలు” అనుకొనిరి. వచ్చినవారు “గైర్‌ముల్కీలు” అయిరి. ముల్కు అనగా దేశము. గమనింపుడు: ఇరుపక్షములవారును ఉర్దూ మాటలాడువారే, ఒకే పంక్తిని భుజింపదగినవారే. భాష గాని మతము గాని వారిని విడదీయలేదు. జీతపు పట్టీ విడదీసినది.

1919 నాటి ఫర్మానాతో ముల్కీ నిబంధనలు స్థిరపడినవి. సంస్థానములో పుట్టిన ప్రజ గాని, 15 సంవత్సరములు ఇచట నివసించి, తిరిగి స్వస్థలమునకు పోవు తలంపు విడిచితినని ప్రమాణపత్రము వ్రాసియిచ్చినవాడు గాని ముల్కీ యగును. ఈ ప్రమాణపత్రమునుగూర్చి నేను చాలసారులు తలపోసితిని. మనస్సులోని ఊరిని కాగితముమీద విడిచిపెట్టినగాని ఉద్యోగము రాదు! ఏ ఊరివాడవను ప్రశ్నకు ప్రభుత్వము ముద్రవేసిన జవాబు వ్రాయుట అప్పుడే ఆరంభమైనది.

నిబంధన అట్లే యుండెను; దాని గురి మాత్రము మారెను. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట మద్రాసు రాష్ట్రమునుండి ఉద్యోగులు వచ్చిరి. 1952లో విద్యార్థులు వీధులకెక్కి “నాన్‌ముల్కీ గోబ్యాక్, ఇడ్లీ సాంబార్ గోబ్యాక్” అని కేకలు వేసిరి. ఆ సెప్టెంబరులో హైదరాబాదు నగరమున పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. పాపము, ఇడ్లీ యేమి చేసినది? ఉద్యోగము కొరకైన పోరాటమునకు కంటికి కనబడు గుర్తు కావలెను. అది పళ్లెములో దొరికినది. నేడు దిల్‌సుఖ్‌నగరు బస్సుల యెదుట ఇడ్లీబండి పెట్టుకొన్నవాడు పాలమూరువాడు. నిలుచుండి తినువాడు శ్రీకాకుళమువాడు. ఇద్దరిలో ఎవరికిని ఆ కేక జ్ఞాపకము లేదు.

ఇంతచెప్పుటవలన ఆ కోపము ఉత్తదని నా యభిప్రాయము కాదు. ఒకే భాషగల రెండు సీమలు సమానముగా పెరుగలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో కృష్ణ ఆనకట్టయు పూర్తియైనవి. కాలువలక్రింద రెండు తరములు పంట పండినచోట మిగులు కనబడినది. ఆ మిగులుతో బడులు, కళాశాలలు వెలసినవి. మద్రాసు ప్రభుత్వము క్రింద ఇంగ్లీషు చదువు వచ్చినది. ఇవతల చెరువులు, మెట్టచెలకలు, దొరతనము, ఉర్దూ చదువు. 1956 నవంబరు 1వ తేదీన ఈ రెండును ఒక రాష్ట్రమైనప్పుడు పరుగుపందెములో ఒకరు ముందే సగముదూరము పోయియుండిరి. ఈ భయమును పెద్దలు ఎరుగకపోలేదు. తెలంగాణమును కొంతకాలము వేరుగా నుంచుట మంచిదని 1955లో రాష్ట్రపునర్వ్యవస్థీకరణ సంఘము సలహా యిచ్చెను. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఉభయప్రాంతముల నాయకులు కుదుర్చుకొన్న పెద్దమనుష్యుల ఒప్పందములో తెలంగాణపు మిగులు ధనము తెలంగాణమునకే ఖర్చు పెట్టవలెనని యున్నది. ఆ మిగులులో అబ్కారి రాబడి గొప్ప భాగము. ఏలయన ఆంధ్ర ప్రాంతమున మద్యనిషేధ ముండెను, ఇచట లేకుండెను. పేదవాడు త్రాగిన కల్లుమీది పన్ను మరియొకచోట ఖర్చగుచున్నదన్న మాట వినిన ఎవరికైనను మనస్సు మండును. ఉద్యోగములలో రక్షణలు అమలుకాలేదన్న ఫిర్యాదుతోడను, ఈ మిగులు ధనపు తగవుతోడను 1969 ఉద్యమము చెలరేగినది. 1971 ఎన్నికలలో తెలంగాణములోని 14 లోక్‌సభ స్థానములలో 10 స్థానములు తెలంగాణ ప్రజాసమితి గెలిచినది.

నాణెమునకు రెండవ ప్రక్కను చూడుడు. 1972 అక్టోబరులో సుప్రీముకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పెను. వెంటనే కోస్తా, రాయలసీమలలో “జై ఆంధ్ర” యని ఉద్యమము లేచినది. “మా రాజధానిలో మేమే పరదేశులమా?” యని వారి ప్రశ్న. మూడేండ్లక్రిందట వేరు రాష్ట్రము కోరినవారు వీరు. ఇప్పుడు కోరినవారు వారు. మూడేండ్లలో ఎవరి సంస్కృతియు తలక్రిందులు కాలేదు. ఉద్యోగము ఎవరికి దక్కునో చెప్పు తీర్పు తలక్రిందులైనది.

రాజీగా 1973 సెప్టెంబరు 21వ తేదీన ఆరుసూత్రముల పథకము ప్రకటింపబడినది. దాని ననుసరించి 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడినది. ముల్కీ మాట పోయి “స్థానికుడు” అను మాట వచ్చెను. ఆ ఉత్తర్వు ప్రకారము పదవ తరగతితో ముగియు నాలుగు సంవత్సరములు వరుసగా ఎక్కడ చదివిన అక్కడివాడు స్థానికుడయ్యెను. ప్రమాణపత్రమునకు బదులు బడి ధ్రువపత్రము.

ఇది మా యింటిలోనికి వచ్చిన కథ. మా అన్నగారి కుమారుడు కొత్తపేటలో పుట్టినవాడు. బాగుగా చదువునని ఏడవ తరగతినుండి పదవ తరగతివరకు విజయవాడలో నొక వసతిపాఠశాలలో నుంచిరి. నా కుమార్తె మా వీధి చివరి బడిలోనే చదివెను. కొన్ని యేండ్లకు ఇద్దరును ప్రభుత్వోద్యోగములకు దరఖాస్తులు పెట్టిరి. కాగితములు చూచిన గుమాస్తా నా కుమార్తెను స్థానికురాలనియు, దానికన్న నాలుగేండ్లు పెద్దవాడై, అదే గదిలో పుట్టిన వానిని స్థానికేతరుడనియు వ్రాసికొనెను. ఆయన తప్పు ఏమియు లేదు, అప్పటి ఉత్తర్వు అట్లుండెను. గీత ఎక్కడనో యొకచోట గీయవలసినదే. కాని ఆ గీత మా నడవలోనుండి పోయినది. ఆ సాయంత్రము వాడు భోజనమునకు రాలేదు. “బాబాయీ, నేను ఎక్కడివాడిని?” అని మరునాడు అడిగెను. అప్పటికి ఇరువదిరెండేండ్లు దాటినవాడు, పుట్టిన యింటిలో కూర్చుండి అడిగిన ప్రశ్న యది. నేను తగిన జవాబు చెప్పలేకపోతిని.

ఉద్యోగము తరువాత భూమి. మా చిన్నతనమున ఈ పేటల చుట్టును చెలకలు, తోటలు ఉండెడివి. నా తండ్రిగారు రెండువందల గజముల స్థలము కొనిరి. ఎకరములలెక్క నమ్మినవారి కండ్లయెదుట అదే నేల గజములలెక్కకు వచ్చినది. పరిశ్రమ, ఆసుపత్రి, కళాశాల, కార్యాలయము అన్నియు ఒక్క హైదరాబాదులోనే పోగుచేసిన ప్రభుత్వ విధానమువలన ఆ వెల యింకను ఎగిరినది. మాకు నేల అమ్మిన కుటుంబపు మనుమడు మా వీధిలోనే చిన్న దుకాణము పెట్టుకొన్నాడు. మాతో చనువుగా నుండువాడు. ఒకనాడు నవ్వుచునే అనెను: “సారూ, మీరు మంచోళ్లే. గని మీ ఇల్లున్నది మా తాత చెలకలనే.” ఆ మాటలో ద్వేషము లేదు. కాని అది నిజము. నిజము గనుకనే గ్రుచ్చుకొన్నది. తాత తెలియక తక్కువకు అమ్మెనా, అవసరమునకు అమ్మెనా అనునది ఆ మనుమనికి ముఖ్యము కాదు. కొన్నవారికి ఏ పేరు పెట్టవలెనో రాజకీయము అతనికి ముందే చెప్పియుంచినది: “సెటిలర్లు.”

ఈ పేరునకు ఒక గుణము కలదు. మేడ కట్టిన కంట్రాక్టరును, ఆ మేడకు ఇసుక మోసిన కూలిని, వంటలు చేసి బ్రతుకు విధవరాలిని, ప్రైవేటు బడిలో చాలీచాలని జీతమునకు పాఠము చెప్పు పంతులును అది యొకే సంచిలో వేయును. మన తెలుగువారికి ఇట్టి పేరు సముద్రముమీదను తగిలినది. కోరంగి రేవునుండి ఓడలెక్కి రంగూనునకు పోయిన మన కూలీలను, వారు ఏ జిల్లావారైనను, బర్మాలో “కోరంగీలు” అనిరి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగుకూలీలు సమ్మెచేసిరి. ఓడల యజమానులు బర్మావారిని పనికి పెట్టుకొనిరి. సమ్మె తీరగానే బర్మావారిని పంపివేసి మరల తెలుగువారిని పిలిచిరి. మే 26వ తేదీన దొమ్మీ మొదలై నూరుమందికి పైగా చనిపోయిరి. అది జాతివైరమని పత్రికలు వ్రాయవచ్చును. కాని ఇరువురును రోజుకూలికొరకే రేవుకు వచ్చినవారు. కూలి నిర్ణయించినవాడు ఆ కొట్లాటలో లేనే లేడు.

తిరిగి మన ఎల్.బి. నగరు కూడలికి వత్తము. 2009 అక్టోబరులో హైదరాబాదు నగరపు పోలీసు ఉద్యోగములకు స్థానిక రక్షణ వర్తింపదని సుప్రీముకోర్టు చెప్పగా “ఫ్రీజోన్” వివాదము రగిలినది. నవంబరు 29వ తేదీన కె. చంద్రశేఖరరావుగారు నిరాహారదీక్షకు బయలుదేరగా ప్రభుత్వము నిర్బంధించినది. ఆనాడే ఈ కూడలిలో నల్లగొండ జిల్లా యువకుడు కాసోజు శ్రీకాంతాచారి తన దేహమునకు నిప్పంటించుకొనెను. డిసెంబరు 3వ తేదీన కన్నుమూసెను. నేడచట అతని విగ్రహమున్నది. ఏ సంక్రాంతికైనను చూడుడు: ఆ విగ్రహమునకు సమీపముననే వేలకొలది జనులు పిల్లలను, సంచులను పట్టుకొని విజయవాడ వైపు బస్సులకొరకు నిలుచుందురు. రాష్ట్రముకొరకు కాలిపోయిన బిడ్డయు, ఉద్యోగముకొరకు ఊరు విడిచివచ్చిన బిడ్డయు ఒకే కూడలికి చేరినవారు. ఇద్దరి తల్లుల భయమును ఒకటే.

2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రమేర్పడినది. ఆ యేడు ఎన్నికలలో ఎల్.బి. నగరు నియోజకవర్గమును తెలుగుదేశము గెలిచియుండెను. ఆగస్టు 19వ తేదీన ఇంటింటి సమగ్ర సర్వే జరిగినప్పుడు మా వీధిలో కొందరు తలుపులు దగ్గరకు వేసికొని గుసగుసలాడిరి. ఫీజుల సహాయమునకు 1956 నవంబరునకు ముందే ఇచట నున్న కుటుంబమై యుండవలెనను నిబంధనయు ఆ దినములలోనే వచ్చినది. తరువాత ప్రభుత్వము దానిని విరమించుకొన్నది. 2016లో నగరపాలక ఎన్నికలు వచ్చినవి. నిన్నటివరకు “సెటిలర్లు” అనిపించుకొన్నవారు ఒక్కమారుగా ఆడపడుచులు, అన్నదమ్ములు అయిరి. వారి కాలికి ముల్లు గ్రుచ్చుకొన్న పంటితో తీయుదుమని నాయకులు సభలలో పలికిరి. తెలంగాణ రాష్ట్ర సమితి 150 స్థానములలో 99 గెలిచినది. 2022లో ఆ పక్షమే తన పేరులోనుండి “తెలంగాణ” అను మాటను తీసివేసి “భారత” అని చేర్చుకొన్నది. నేను ఎవరిని ఎగతాళి చేయుటలేదు. ఓటు లెక్క మారినప్పుడు మనిషి పేరు ఎంత త్వరగా మారునో చూపుచున్నాను.

కావున మన ప్రాంతము, మన యాస, మన గాయము అన్నియు అబద్ధములా? కానేకావు. నా తల్లి యాసను సినిమాలలో దుండగీండ్రకును సేవకులకును పెట్టినప్పుడు ఆమె చిన్నబుచ్చుకొనుట నేను చూచితిని. అది నిజమైన నొప్పి. నా తండ్రి 1969లో నాలుగువారములు వీధిలో పెదవి విప్పక నడిచెను, తన మాట తన్ను పట్టియిచ్చునని. అదియు నిజమైన నొప్పియే. మనిషిలో ఇట్టి గుర్తులు అనేకములుండును: కులము, మతము, భాష, ఊరు, వృత్తి. వానిలో నేడు ఏది ముందుకు రావలెను, ఏది వెనుక నుండవలెను అనుదానిని మాత్రము చాలవరకు మనము నిర్ణయించుట లేదు. ఉద్యోగముల పట్టీయు, నీటి వంతును, గజము వెలయు, ఓట్ల పెట్టెయు నిర్ణయించుచున్నవి. ఇవి న్యాయముగా పంచబడిన సంవత్సరములలో గుర్తులు పండుగబట్టలవలె అందముగా నుండును. పంపకము చెడిన సంవత్సరములలో అవియే యూనిఫారములగును.

అందువలన నేనొక చిన్న అలవాటు చేసికొంటిని. ఎవరైన “మీది ఏ ఊరు?” అని పదునుగా నడిగినప్పుడు నేను కోపగింపక, ఆ యడిగినవానికి ఏమి దక్కలేదో తెలిసికొన ప్రయత్నింతును. తరచుగా అతనికి నా ఊరితో పని యుండదు. కుమారునికి ఉద్యోగము లేకుండును. లేదా తాత చెలక పోయియుండును. అది మాటలాడిన తరువాత ఊరి ప్రసక్తి మరల రాదు.

మా అన్నగారి కుమారుడు నేడు ఎల్.బి. నగరులో నొక ప్రైవేటు కంపెనీలో పనిచేయుచున్నాడు. దుకాణపు మనుమడు వానికి స్నేహితుడు. మొన్న ఇద్దరును కలిసి మెట్రోబండిలో వచ్చుచుండగా ఎవరో ముసలాయన “మీది ఏ ఊరు, నాయనా?” అని యడిగెనట. మావాడు ఒక్క నిమిషము ఆగెనట. అప్పుడు ప్రక్కనున్న దుకాణపువాడు “మాది కొత్తపేటనే, తాతా” అని ఇద్దరి తరపునను జవాబు చెప్పెనట. 

ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబు అదియే. సెలవు.